సంతకానికి ముందు: ర్యాప్ ఆల్బమ్ చేస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

22 పాటలు రికార్డయ్యాయనీ, లేబుల్ వాళ్లు, అంటే రికార్డు కంపెనీవాళ్లు, 12కి తగ్గించమంటున్నారనీ, విడుదల ఎప్పుడని అడిగితే మాత్రం మాట దాటేస్తున్నారనీ రాశావు. నిడివి, ధర, తేదీ అంటూ మూడు ప్రశ్నలు విడివిడిగా అడిగావు గానీ వాటి ముడి పడేది ఒక్కచోటే, కాంట్రాక్టులో. నువ్వింకా సంతకం పెట్టలేదు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. లెక్కలున్నచోట కాగితం తీసుకుని నువ్వూ వేసి చూసుకో.

ముందు నిడివి. ర్యాప్ ఆల్బమ్ ఎంతుండాలో చాలావరకు దాన్ని మోసే సాధనమే తేల్చింది. సీడీలో 74 నుంచి 80 నిమిషాలు పడతాయి. 1990ల్లో ఆ చోటంతా నింపడం అలవాటైంది. 1996లో టూపాక్ 'ఆల్ ఐజ్ ఆన్ మీ' 27 పాటలతో రెండు సీడీలుగా వచ్చింది. దానికి రెండేళ్ల ముందు నాస్ 'ఇల్మాటిక్' 10 ట్రాకులతో, దాదాపు 40 నిమిషాల్లో ముగిసింది. స్ట్రీమింగ్ వచ్చాక లెక్క మళ్లీ మారింది. అమెరికా సంగీత చార్టులు వేసే బిల్‌బోర్డ్ 2018లో పెట్టిన సూత్రంలో చందా కట్టినవాళ్లు విన్న 1,250 స్ట్రీములు ఒక ఆల్బమ్ అమ్మకంతో సమానంగా ఉండేవి. ప్రకటనలతో ఉచితంగా వినేవాళ్లవైతే 3,750 కావలసి వచ్చేవి. పాటలు ఎన్ని ఎక్కువుంటే చార్టులో అంత లాభం. ఆ ఏడాదే డ్రేక్ 'స్కార్పియన్' 25 పాటలతో వచ్చింది, పుషా టీ 'డేటోనా' 7 పాటలతో 21 నిమిషాల్లో వచ్చింది. రెండూ చెల్లాయి, ఎందుకంటే ఆ ఇద్దరికీ అప్పటికే శ్రోతలున్నారు.

కొత్తవాడికి మాత్రం పొడుగు ఆల్బమ్ డబ్బు విషయంలోనే దెబ్బ కొడుతుంది. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకు గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు లేకపోతే ఆ పాటకు రికార్డింగ్ రాయల్టీ రాదు. ఏడాదిలో నీ ఆల్బమ్‌కి మొత్తం 15,000 స్ట్రీములు వచ్చాయనుకో. అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నాలుగు పాటలకే పోతుంది. 22 పాటలున్న ఆల్బమ్‌లో అడుగునున్న డజను పాటలు వెయ్యి దాటవు, వాటికి నువ్వు పెట్టిన మిక్సింగ్ ఖర్చు తిరిగిరాదు. కాబట్టి 12కి తగ్గించమన్న లేబుల్ మాటలో నిజముంది. కోపం తెచ్చుకోకు.

వినైల్, అంటే గ్రామఫోన్ రికార్డు, కూడా వేయాలని ఉందన్నావు. 12 అంగుళాల రికార్డు నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో తిరిగితే ఒక్కో వైపు 18 నిమిషాల వరకు ధ్వని నిండుగా ఉంటుంది, 22 దాకా లాగవచ్చు. అంతకు మించితే గాడులు ఒకదానికొకటి దగ్గరగా కోయాలి, దానికోసం కటింగ్ ఇంజనీరు శబ్దాన్ని తగ్గిస్తాడు, అన్నిటికన్నా ముందు పోయేది బేస్ (లోతైన కిందిస్వరాలు). ర్యాప్‌కి అది ప్రాణం. ఇంకో సంగతి: సూది మధ్యకు వచ్చేకొద్దీ ఒక్కో చుట్టులో గాడి పొడవు తగ్గుతుంది, పైస్వరాలు గరగరలాడతాయి, 'స', 'ష' అక్షరాలు చిట్లుతాయి. వేగంగా, దట్టంగా మాటలు పడే పాటను ఏ వైపుకీ చివర పెట్టకు. మాస్టరింగ్ చేసేవాళ్లకు వినైల్ కోసం విడిగా మాస్టర్ (కాపీలు తీసే తుది రికార్డింగ్) కావాలనీ, లోతైన బేస్‌ని మోనోలో, అంటే రెండు స్పీకర్లలో ఒకేలా, ఉంచమనీ ముందే చెప్పు.

నా మాటగా అయితే 11 నుంచి 13 పాటలు, 36 నుంచి 42 నిమిషాలు. తగ్గించడం పాటల సంఖ్యలోనే జరగాలని లేదు, బార్ల (నాలుగేసి బీట్ల ముక్కల) లెక్క చూడు. 90 బీపీఎంలో (నిమిషానికి 90 బీట్లు) 16 బార్ల వర్సు, అంటే చరణం, దాదాపు 43 సెకన్లు. నాలుగు బార్ల ఇంట్రో, మూడు వర్సులు, మూడుసార్లు 8 బార్ల హుక్ (పల్లవి) కలిపితే 76 బార్లు, అంటే 3 నిమిషాల 23 సెకన్లు. మూడో వర్సు తీసేస్తే 2 నిమిషాల 40 సెకన్లు. అన్నీ మూడు వర్సులవైతే 12 పాటలకు 40న్నర నిమిషాలు, అన్నీ రెండు వర్సులవైతే 32. ఈ రెంటి మధ్య నీకు కావలసినంత చోటుంది. ఒకే పని చేస్తున్న పాటలను పక్కపక్కన పెట్టి విను: కసి చూపించేవి మూడుంటే ఒకటి చాలు, అమ్మ గురించి రెండుంటే ఒకటే ఉంచు. స్కిట్‌లు (మాటలతో నడిచే చిన్న సన్నివేశాలు) ఉంచుకోవాలనుకుంటే పాట మొదట్లో అతికించకు, విడి ట్రాకుగా పెట్టు. పాట కోసం వచ్చినవాడు మొదటి సెకన్లలో మాటలు వింటే దాటేసి వెళ్లిపోతాడు, 30 సెకన్లు నిండని వినికిడి లెక్కలోకి రాదు.

ఇప్పుడు నిడివికీ కాంట్రాక్టుకీ ఉన్న అసలు లంకె. అమెరికా లేబుళ్ల కాంట్రాక్టుల్లో 'కంట్రోల్డ్ కాంపొజిషన్' అనే క్లాజు ఉంటుంది. పాట రాసినవాళ్లకు అమ్ముడైన ప్రతి కాపీ మీద చట్టం ఒక రేటు నిర్ణయించింది, 2025లో అది పాటకు 12.7 సెంట్లు. ఆ క్లాజు ఏమంటుందంటే, నువ్వు రాసిన వాటాకి అందులో 75 శాతమే ఇస్తాం, ఆల్బమ్ మొత్తానికి 10 పాటల డబ్బే లెక్కకడతాం అని. అంటే కాపీకి గరిష్ఠంగా 95.25 సెంట్లు. నువ్వు 16 పాటలు పెట్టావనుకో, ప్రతి పాటలో సగం రచన హక్కు బయటి బీట్ నిర్మాతలది, వాళ్లు పూర్తి రేటుకే ఒప్పుకున్నారు. 16 పాటలకు వాళ్ల సగం 101.6 సెంట్లు. పరిమితి అక్కడే దాటిపోయింది. నీ సగానికి ఒక్క సెంటు రాకపోగా, దాటిన 6.35 సెంట్లు ప్రతి కాపీకీ నీ ఆర్టిస్టు రాయల్టీలోంచి కోస్తారు. శాంపిళ్లున్న (పాత రికార్డుల నుంచి తీసుకున్న ముక్కలున్న) ర్యాప్ ఆల్బమ్‌లలో ఒక్కో పాటకు అయిదారుగురు రచయితలుంటారు కాబట్టి మనవాళ్లకే ఈ దెబ్బ ఎక్కువ. ఇది ముఖ్యంగా సీడీలు, వినైల్ మీద పడే కోత. పరిమితిని 12 లేదా 13 పాటలకు పెంచమని అడుగు. పెంచకపోతే బీట్ నిర్మాతల చేత కూడా 75 శాతానికి ముందే ఒప్పించు.

ధర దగ్గరకొస్తే, స్ట్రీమింగ్ ధర నీ చేతిలో లేదు, దాని గురించి ఆలోచించి లాభం లేదు. నీ చేతిలో ఉన్నది చేతికందే సరుకు. ఎప్పుడూ దుకాణం దారినుంచి వెనక్కి లెక్కగట్టు. ఒక వినైల్ తయారీ 10 డాలర్లు పడిందనుకో, అట్ట మీద ధర 20. దుకాణం దాన్ని మూడింట రెండొంతులకు, అంటే 13.33కి కొంటుంది. డిస్ట్రిబ్యూటర్ అందులో 25 శాతం తీసుకుంటే నీకు చేరేది 10. తయారీ ఖర్చే వచ్చింది. అదే 30 పెడితే 15 చేరుతుంది, 5 మిగులుతుంది. కళాకారులు శ్రోతలకు నేరుగా అమ్ముకునే వెబ్‌సైటు బ్యాండ్‌క్యాంప్‌లో అమ్మితే వాళ్లు వస్తువుల మీద 10 శాతం, డిజిటల్ మీద 15 శాతం తీసుకుంటారు. 30 డాలర్ల వినైల్‌లో వాళ్ల కోతా, చెల్లింపు రుసుమూ, 10 డాలర్ల తయారీ ఖర్చూ పోను దాదాపు 16 మిగులుతుంది. ఇదే ఆల్బమ్ నిడివి పెరిగి రెండు రికార్డులై, తయారీ 17 అయిందనుకో. దుకాణం దారిలో 30 డాలర్లకు అమ్మితే కాపీకి 2 డాలర్లు నువ్వే పోగొట్టుకుంటావు.

ధర ఎంత పెంచవచ్చన్నదానికి ర్యాపర్ నిప్సీ హస్సల్ 2013లో చేసింది గుర్తుపెట్టుకో. తన 'క్రెన్‌షా' మిక్స్‌టేపుని (సొంతంగా పంచే పాటల సంకలనాన్ని) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చి, 1,000 కాపీలు మాత్రం ఒక్కోటి 100 డాలర్లకు పెట్టాడు, అందులో 100 ర్యాపర్ జే-జీ కొన్నాడు. సంగీతం ఉచితం, వస్తువు అరుదు. కానీ అప్పటికి అతను ఏళ్లుగా మిక్స్‌టేపులు వేస్తూ తన జనాన్ని సంపాదించుకున్నాడు. నీకు ఇప్పుడు 300 కాపీలు, నంబరు వేసి, సంతకం పెట్టి, మామూలు ధరకే అమ్మడం సరిపోతుంది. లేబుల్‌తో అయితే ఒక వాక్యం రాయించు: విడుదలైన 12 నెలల లోపు నీ అనుమతి లేకుండా తగ్గింపు ధర శ్రేణిలోకి మార్చకూడదు. ఆ శ్రేణిలో నీ రాయల్టీ శాతమే తగ్గుతుంది.

అడ్వాన్స్ చూసి మురిసిపోకు, అది నీ రాయల్టీలోంచి తీరాల్సిన అప్పు. 50,000 డాలర్ల అడ్వాన్స్, 18 శాతం రాయల్టీ అనుకో. లేబుల్‌కి వచ్చే ప్రతి 100 డాలర్లలో నీ ఖాతాకి 18 జమవుతాయి, అవే అప్పు తీర్చాలి. 50,000 తీరాలంటే లేబుల్‌కి 2,77,778 డాలర్ల ఆదాయం రావాలి. వీడియో ఖర్చు, శాంపిల్ ఖర్చు ఆ అప్పు మీదే ఎక్కుతాయి. చిన్న అడ్వాన్స్, సగం సగం లాభం, ఏడు లేదా పదేళ్ల తర్వాత మాస్టర్లు (అసలు రికార్డింగుల హక్కులు) నీకు తిరిగిరావడం, ఈ మూడూ ఇస్తామన్న చిన్న లేబుల్ పెద్ద చెక్కు కన్నా మేలు.

ఇక విడుదల. లేబుల్ ఆల్బమ్‌ని ఎందుకు తొక్కిపెడుతుంది? మొదటి సింగిల్ (ఆల్బమ్‌కి ముందు విడిగా వేసే పాట) ఆడకపోతే ప్రచార ఖర్చు వృథా అనుకుంటారు. నిన్ను తీసుకున్న ఏ అండ్ ఆర్ మనిషి (లేబుల్‌లో కళాకారులను ఎంచే ఉద్యోగి) ఉద్యోగం మారితే, కొత్తగా వచ్చినవాళ్లకు నీ మీద పట్టింపు ఉండదు. కంపెనీలు విలీనమైతే అందరి తేదీలూ చెదిరిపోతాయి; ర్యాప్ జంట క్లిప్స్ రెండో ఆల్బమ్ లేబుళ్ల మార్పుల్లో చిక్కుకుని, కోర్టు దాకా వెళ్లి, 2006 నవంబరులో గానీ బయటికి రాలేదు. లూపె ఫియాస్కో 'లేజర్స్' కోసం 2010 అక్టోబరులో అభిమానులు అతని లేబుల్ అట్లాంటిక్ కార్యాలయం ముందు నిరసనకు దిగారు, ఆల్బమ్ 2011 మార్చిలో వచ్చింది. లిల్ వేన్ 2015 జనవరిలో తన లేబుల్ క్యాష్ మనీ మీద దావా వేశాడు. 'థ కార్టర్ ఫైవ్' 2018 సెప్టెంబరులో వచ్చింది. అంత పేరున్నవాళ్లకే అన్నేళ్లు పట్టింది. నిన్ను కాపాడేది కాంట్రాక్టులోని మాటలే.

మొదట డెలివరీ, అంటే పూర్తయిన ఆల్బమ్‌ని లేబుల్‌కి అప్పగించడం, దాని నిర్వచనం చూడు. 'వాణిజ్యపరంగా సంతృప్తికరమైన' ఆల్బమ్ ఇవ్వాలని ఉంటే, నచ్చలేదంటూ ఎన్నిసార్లయినా వెనక్కి పంపవచ్చు. 'సాంకేతికంగా సంతృప్తికరమైన' అని మార్పించు. ఇచ్చిన 30 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే అన్న వాక్యం చేర్పించు. తర్వాత విడుదల హామీ: అంగీకారం నుంచి 120 లేదా 180 రోజుల్లో విడుదల చేయాలి. చేయకపోతే నువ్వు నోటీసు ఇస్తావు, వాళ్లకు 60 రోజుల గడువు ఉంటుంది, అదీ దాటితే నువ్వు బయటికి వచ్చేయవచ్చు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఒప్పందం రద్దయినా మాస్టర్లు లేబుల్ దగ్గరే ఉంటే నీ చేతిలో ఏముంది? అవే పాటలు మళ్లీ రికార్డు చేయకూడదన్న నిషేధం కూడా ఏళ్ల తరబడి ఉంటుంది. అందుకని, అలా బయటికి వచ్చినప్పుడు రికార్డింగ్ ఖర్చు తిరిగి కట్టి మాస్టర్లు కొనుక్కునే హక్కు, దాంతోపాటు ఆ నిషేధం తొలగిపోవడం, రెండూ రాయించు. కట్టడానికి చేతిలో డబ్బు లేకపోతే, తర్వాతి ఆదాయంలో రెండు శాతం వాళ్లకు ఇచ్చేలా అడగవచ్చు.

'విడుదల' అన్న మాటకూ అర్థం రాయాలి. ప్రచారం లేకుండా ఒక రాత్రి అప్‌లోడ్ చేసి విడుదలైందంటారు. ప్రధాన స్ట్రీమింగ్ సేవలన్నిటిలో, ఫలానా దేశాల్లో, ఇంత కనీస ప్రచార ఖర్చుతో అని ఉండాలి. 'మొదటి సింగిల్ ఫలితాన్ని బట్టి' అన్న వాక్యం ఎక్కడ కనిపించినా కొట్టేయించు. నిన్ను తీసుకున్న వ్యక్తి వెళ్లిపోతే నువ్వూ వెళ్లవచ్చన్న 'కీ మ్యాన్' క్లాజు కొత్తవాళ్లకు సులభంగా ఇవ్వరు, అయినా అడుగు. మిగిలిపోయే 10 పాటల సంగతీ తేల్చుకో: ఒప్పందం కాలంలో నువ్వు రికార్డు చేసినదంతా వాళ్లదే అవుతుంది. అవి ముందే రికార్డయ్యాయి కాబట్టి పేర్లతో సహా జాబితా వేసి ఒప్పందం నుంచి మినహాయించమను.

ఆలస్యం నీ వైపు నుంచి జరగకుండా చూడటం కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే 120 రోజుల గడియారం పూర్తి డెలివరీ తర్వాతే మొదలవుతుంది. ర్యాప్ ఆల్బమ్‌లు ఎక్కువగా కాగితాల దగ్గరే ఆగుతాయి. ఆన్‌లైన్‌లో లీజుకి తీసుకున్న బీట్‌లు ఏవైనా ఉంటే ఇప్పుడే ఎక్స్‌క్లూజివ్ హక్కులు (నీ ఒక్కడికే చెందేవి) కొను. ఆ లీజులకు స్ట్రీముల పరిమితి ఉంటుంది, అదే బీట్ ఇంకొకరికీ అమ్ముతారు. ప్రతి పాటకూ స్ప్లిట్ షీట్ (రచనలో ఎవరి వాటా ఎంతో రాసే కాగితం) మీద అందరి సంతకాలూ ఉండాలి, వాటాల శాతాలు కలిపితే 100 కావాలి. నీ పాటలో అతిథులుగా పాడినవాళ్లకు లేబుల్ ఉంటే ఆ లేబుల్ అనుమతి పత్రం కావాలి, స్నేహితుడి మాట సరిపోదు. శాంపిల్‌కి రెండు అనుమతులు: రికార్డింగ్ హక్కుదారుది, రచన హక్కుదారుది. ఆ శబ్దాన్ని కొత్తగా వాయించుకుంటే రెండోది మాత్రమే చాలు. ఎన్ని రకాల వాడకాలకు అనుమతి తీసుకున్నావో కూడా చూసుకో. ర్యాప్ బృందం డి లా సోల్ తొలి ఆల్బమ్ 1989లో వస్తే, స్ట్రీమింగ్‌లోకి 2023 మార్చిలో గానీ రాలేదు, పాత శాంపిల్ ఒప్పందాల్లో డిజిటల్ ప్రస్తావన లేకపోవడం అందుకు పెద్ద కారణం. అనుమతి అనుమానంగా ఉన్న పాటను 12లో పెట్టకు.

సింగిల్‌గా ముందు వేసిన పాటకూ ఆల్బమ్‌లోని అదే పాటకూ ఒకే ఐఎస్ఆర్‌సీ (ప్రతి రికార్డింగ్‌కీ ఇచ్చే గుర్తింపు నంబరు) వాడు, స్ట్రీములు కలుస్తాయి. బూతులు తీసిన వెర్షన్‌కి వేరే నంబరు కావాలి. స్పాటిఫై ఎడిటర్లకు పాట పంపడానికి కనీసం 7 రోజులు ముందుండాలి, నేనైతే నాలుగు వారాలు పెట్టుకోమంటాను. వినైల్‌కి నెలలు పడుతుంది కాబట్టి మాస్టర్ పూర్తయిన రోజే ఆర్డరివ్వు.

సంగీత ఒప్పందాలు తెలిసిన లాయరుకి చూపించకుండా ఏదీ ఒప్పుకోకు. ఇల్లు కొనే పత్రాలు చూసే లాయరు ఇందుకు పనికిరాడు. ముసాయిదా రాగానే డెలివరీ, విడుదల హామీ, కంట్రోల్డ్ కాంపొజిషన్, రీ-రికార్డింగ్ నిషేధం ఉన్న పేజీలు నాకూ పంపు. 22 పాటల జాబితా కూడా పంపు, ఒక్కోదానికి నిడివి, బీట్ ఎవరిది, శాంపిల్ ఉందా లేదా అని పక్కన రాసి.

నీ అన్నయ్య