ఫ్రాన్స్ పల్లెల్లో సైకిలు: ఎవరికీ పని లేని రోడ్డును వెతకండి

జూన్‌లో తులూజ్‌లోని మీ చెల్లెలి ఇంటికి వస్తున్నానని, నాలుగు రోజులు సైకిలు మీద పల్లెలు తిరగాలని ఉందని రాశారు. లారీలంటే భయమని, శాకాహారినని, అందరూ కెనాల్ డ్యు మిది గట్టు వెంట వెళ్ళమంటున్నారని, అదే మంచిదా అని అడిగారు. నేను తులూజ్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. వారాంతాల్లో నా కాలమంతా ఈ చుట్టుపక్కల చిన్న రోడ్ల మీదే గడుస్తుంది. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు కాలువ సంగతి. 1681లో పూర్తయిన ఆ కాలువ పొడవు 240 కిలోమీటర్లు. తులూజ్ నుంచి పోర్ లోరాగె వరకు, అంటే సుమారు 50 కిలోమీటర్లు, గట్టు మీద చక్కటి తారు బాట ఉంది. చెట్ల నీడ, ఎత్తుపల్లాలు లేని దారి. ఒక్క రోజుకు తప్పకుండా వెళ్ళండి. ఆ తర్వాత బాట మట్టిగా మారుతుంది. చెట్ల వేళ్ళు పైకి తేలి ఉంటాయి, వాన పడితే బురద. సన్నటి చక్రాల సైకిలుతో నేను అక్కడ చాలా ఇబ్బంది పడ్డాను. ఇంకో మాట ఎవరూ చెప్పరు: చాలా దూరం ఆ కాలువ పక్కనే ఏ61 మోటారు రహదారి పోతుంది. కార్లు కనబడవు, కానీ హోరు వినబడుతూనే ఉంటుంది. మీరు అడిగింది నిశ్శబ్దం. అది కావాలంటే సైకిలు బాటల కోసం కాకుండా, ఎవరికీ పని లేని రోడ్ల కోసం వెతకాలి.

ఎవరికీ పని లేని రోడ్డంటే పాడుపడిన రోడ్డని కాదు. రెండు ఊళ్ళ మధ్య అంతకంటే వేగంగా చేర్చే పెద్ద రోడ్డు ఇంకొకటి ఉంటే, కార్లూ లారీలూ దాని మీదికి పోతాయి. పాత రోడ్డు ఆ ఊరివాళ్ళకు, పాల వ్యానుకు, ట్రాక్టర్లకు మిగులుతుంది. ఫ్రాన్స్‌లో ఇలాంటి రోడ్లు లెక్కలేనన్ని. అంత చిన్న రోడ్డుకు కూడా తారు శుభ్రంగా వేసి ఉంటుంది. మిష్లాన్ కంపెనీ కాగితం మ్యాపులో ఎరుపు గీతలు పెద్ద రోడ్లు, పసుపువి మధ్యరకం, తెల్లగా ఉన్నవి చిన్నవి. తెల్ల గీత పక్కనే ఎర్ర గీత సమాంతరంగా పోతుంటే, మీ రోడ్డు ఆ తెల్లదే. గీత పక్కన ఆకుపచ్చ అంచు ఉంటే ప్రకృతి అందంగా ఉంటుందని అర్థం. కానీ జులై, ఆగస్టుల్లో ఆ అందం కోసం కార్లు కూడా వస్తాయి. మీరు జూన్‌లో రావడం మంచిదైంది.

రోడ్డు నంబరు చూసి మోసపోకండి. నేను మోసపోయాను. 'డీ' అక్షరంతో మొదలయ్యేవి జిల్లా స్థాయి రోడ్లు కదా, అవన్నీ చిన్నవే అనుకుని మొదటి ఏడాది డీ820 మీద ఉత్తరానికి బయలుదేరాను. అది ఒకప్పటి జాతీయ రహదారి ఎన్20. 2000 తర్వాతి దశాబ్దంలో ప్రభుత్వం వేల కిలోమీటర్ల జాతీయ రహదారులను డిపార్ట్‌మెంట్లకు, అంటే ఇక్కడి జిల్లాలకు, అప్పగించింది. అక్షరం మారింది, లారీలు మారలేదు. పది కిలోమీటర్లు పళ్ళు బిగపట్టి తొక్కి, దొరికిన మొదటి పక్కదారిలోకి దిగిపోయాను. డీ813 కూడా అలాంటిదే, అది పాత ఎన్113. అందుకే అక్షరాన్ని పట్టించుకోకుండా గీత రంగు చూడమంటున్నాను.

ఇక నేను మీకు గట్టిగా చెప్పే దారి సెలే నది లోయ. సెలే చిన్న నది, కాఓర్ పట్టణానికి ఎగువన లోట్ నదిలో కలుస్తుంది. లోట్ లోయలో పెద్ద రోడ్డు ఉంది కాబట్టి దూరం పోయేవాళ్ళంతా అటు వెళతారు. సెలే లోయలో ఉన్న ఒక్క రోడ్డు, డీ41, దాదాపుగా ఊరివాళ్ళదే. ఫిజాక్ పట్టణం నుంచి బయటికి వచ్చే మొదటి కొన్ని కిలోమీటర్లు కాస్త రద్దీ. డీ41 మలుపు తిరగగానే చప్పుడు తగ్గిపోతుంది. ఒక పక్క నది, ఇంకో పక్క సున్నపురాతి కొండచరియలు. కొన్ని చోట్ల రాయి రోడ్డు మీదికి వంగి కప్పులా ఉంటుంది. చరియల్లో గూళ్ళలాగా కట్టిన పాత రక్షణ గోడలు కనిపిస్తాయి. ఇంగ్లండుతో జరిగిన నూరేళ్ళ యుద్ధం నాటి జ్ఞాపకంగా వాటిని అక్కడివాళ్ళు 'ఇంగ్లీషువాళ్ళ కోటలు' అంటారు. వారం మధ్యలో ఉదయం పూట వెళ్ళినప్పుడు అరగంటకు రెండు మూడు కార్లు దాటితే ఎక్కువ. నా చక్రం గొలుసు చప్పుడు నాకు వినబడేది.

తులూజ్ నుంచి ఫిజాక్‌కు ప్రాంతీయ రైలు ఉంది, సైకిలు ఎక్కించుకోవచ్చు. వేసవిలో సైకిలుకు ముందే చోటు రిజర్వు చేయాలేమో టికెట్ కొనేటప్పుడు చూడండి. మొదటి రోజు ఫిజాక్‌లోనే ఉండండి. ఈజిప్టు చిత్రలిపిని చదివిన షాంపోలియోన్ 1790లో పుట్టింది అక్కడే. ఒక చిన్న చౌకు నేల మీద, ఆ లిపిని చదవడానికి ఆధారమైన రోసెట్టా రాయిని పెద్దగా చెక్కి పరిచారు, దాని మీద నడవవచ్చు. రెండో రోజు ఎస్పాన్యాక్ మీదుగా మార్సియాక్ వరకు, సుమారు 30 కిలోమీటర్లు. తక్కువ అనిపిస్తుంది, కానీ మీరు ఆగుతారు. ఎస్పాన్యాక్ వంతెన దగ్గర నేను గంటసేపు ఊరికే కూర్చున్నాను. మూడో రోజు కాబ్రెరే. ఊరి పైన పెష్ మెర్ల్ గుహ ఉంది. ఆదిమానవులు గీసిన చుక్కల గుర్రాల బొమ్మలు అసలువే చూడవచ్చు, నకలు కాదు. రోజుకు పరిమితంగానే మనుషులను పంపిస్తారు, తప్పక ముందే బుక్ చేసుకోండి. గుహ దగ్గరికి ఎక్కుడు నిటారుగా ఉంటుంది, నడిపించుకుంటూ వెళ్ళినా ఫరవాలేదు. నాలుగో రోజు లోట్ నది చేరి, కొండ అంచున ఉన్న సాన్ సిర్ లాపోపి చూసి, కాఓర్‌లో రైలెక్కి తిరిగి రావచ్చు. సాన్ సిర్ లాపోపి బాగా పేరున్న ఊరు, పొద్దెక్కితే బస్సులు వస్తాయి. ఎనిమిదింటికల్లా అక్కడ ఉండేలా బయలుదేరండి. కాఓర్ చేరే ముందు కొంత దూరం రద్దీ రోడ్డు తప్పదు. మొత్తం దారి 80 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ.

మీరు లారీలకు భయపడుతున్నారు. నేను మీ విషయంలో భయపడేది ఖాళీ రోడ్డు గురించి. మనం ఎడమ పక్కన నడిపేవాళ్ళం, ఇక్కడ కుడి పక్కన నడపాలి. ఊళ్ళో వాహనాలు ఉంటాయి కాబట్టి అవే గుర్తుచేస్తాయి. పల్లెలో రొట్టె తిని, నీళ్ళు తాగి, ఎవరూ లేని రోడ్డు మీద మళ్ళీ సైకిలెక్కినప్పుడు కాళ్ళు పాత అలవాటు ప్రకారం ఎడమకే పోతాయి. వచ్చిన కొత్తలో నేను అలాగే ఒక మలుపులో ఎదురుగా వస్తున్న వ్యానుకు అడ్డం వెళ్ళాను. ఆయన నెమ్మదిగా వస్తున్నాడు కాబట్టి బతికాను. అప్పటి నుంచి ఆగిన ప్రతిసారీ సైకిలును కుడి అంచునే పెట్టి దిగుతున్నాను. మీరు కూడా ఈ అలవాటు మొదటి రోజే చేసుకోండి. అద్దె సైకిలుకు ఇంకొక తేడా ఉంది: మన దగ్గర ముందు బ్రేకు సాధారణంగా కుడి చేతికి ఉంటుంది, ఇక్కడ ఎడమ చేతికి. దుకాణం ముందే నాలుగుసార్లు పట్టి చూడండి.

ఊరి బయట కార్లు మిమ్మల్ని దాటేటప్పుడు మీటరున్నర దూరం పాటించాలన్నది చట్టం, పల్లెల్లో చాలామంది పాటిస్తారు. పల్లె మధ్యలో ఏ గుర్తూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకు దారి ఇవ్వాలి. చిన్న సందులోంచి వచ్చే కారుకైనా ఇదే నియమం. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కడం నిషేధం.

నీళ్ళ గురించి చెప్పాలి. పల్లెల్లో మధ్యాహ్నం దుకాణాలన్నీ రెండు మూడు గంటలు మూసేస్తారు. ఎండలో సీసా ఖాళీ అయితే ఇక్కడి సైకిలువాళ్ళు వెళ్ళేది సమాధుల తోటకు. పూలకు పోయడానికి అక్కడ కుళాయి ఉంటుంది. మొదట్లో నాకు మనసొప్పలేదు. శ్మశానానికి వెళ్ళొస్తే స్నానం చేసి గాని ఇంట్లోకి రానివ్వని ఇంట్లో పెరిగాను, ఆ నీళ్ళు ఎలా తాగుతాను? దాహంతో గేటు బయట నిలబడిన నన్ను చూసి, భర్త సమాధికి నీళ్ళు పోస్తున్న ఒక పెద్దావిడ తానే సీసా తీసుకుని నింపి ఇచ్చారు. ఆ తర్వాత నాకు ఆ సంకోచం పోయింది. కుళాయి మీద 'ఓ నాన్ పొటాబ్ల్' అని రాసి ఉంటే మాత్రం తాగకండి.

శాకాహారానికి కాస్త జాగ్రత్త కావాలి. ఇది బాతు మాంసం తినే ప్రాంతం, సలాడ్‌లో కూడా బాతు కందనకాయలు వేస్తారు. వేడి మేక జున్ను సలాడ్ దొరుకుతుంది, కానీ పంది మాంసం ముక్కలు లేకుండా ఇమ్మని ముందే చెప్పాలి. భోజనశాలలో పన్నెండున్నరకల్లా కూర్చోండి, రెండింటికి వెళితే వంట ముగిసిపోతుంది. నేనైతే ఉదయమే బేకరీలో పొడుగు రొట్టె, చిన్న బిళ్ళల్లా ఉండే రొకామదూర్ మేక జున్ను, టమాటాలు కొని సంచిలో పెట్టుకుంటాను. చిన్న డబ్బాలో కరివేపాకు పొడి కూడా. ఆ జున్ను మీద ఆ పొడి చల్లుకుని తిని చూడండి. మొదటి రోజుకు మీ చెల్లెలితో పులిహోర కలిపించుకోండి.

ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా పల్లెల్లో చాలా దుకాణాలు, బేకరీలు మూసి ఉంటాయి. అందుకని మంగళవారం తులూజ్‌లో రైలెక్కి, శుక్రవారం సాయంత్రానికి తిరిగి వచ్చేలా పెట్టుకోండి.