అల్కిలార్ అంటే ఇవ్వడమా, తీసుకోవడమా?

మాడ్రిడ్‌లో దిగిన మనవాళ్లు మొదట అడిగేది ఇంటి గురించే. ఇక్కడ బాల్కనీలకి 'సె అల్కీల' అని బోర్డులు కట్టి ఉంటాయి, మన టులెట్ బోర్డులే అనుకోండి. ఆ మాట అల్కిలార్ అనే స్పానిష్ క్రియ నుంచి వచ్చింది. ముందు దీన్నొక్కదాన్ని పట్టుకోండి.

తెలంగాణవాళ్లకి ఇది దూరపు చుట్టమే. అరబ్బీలో అద్దెని 'కిరా' అంటారు. అరబ్బుల ఏలుబడిలో అది ముందు 'అల్' తగిలించుకుని స్పెయిన్‌లో అల్కిలేర్ (అద్దె) అయింది. పారశీకం, ఉర్దూల మీదుగా మన దగ్గరికొచ్చి కిరాయి అయింది.

చిక్కల్లా అర్థంతోనే. అద్దెకివ్వడానికీ, తీసుకోవడానికీ ఇదే క్రియ. కొత్తలో నేనొక ఇంటావిడకి ఫోన్ చేసి, మంచి ధీమాగా 'అల్కీలొ ఉన్ పీసొ' అన్నాను. నేనే ఫ్లాట్ అద్దెకిస్తానంటున్నాననుకుని, తనకి అక్కర్లేదని పెట్టేసింది! 'బూస్కొ పీసొ దె అల్కిలేర్' అనండి. అద్దెకి ఇల్లు వెతుకుతున్నానని తేలిగ్గా అర్థమవుతుంది.

ఇక రూపాలు. నేను అల్కీలొ, నువ్వు అల్కీలస్, అతను లేదా ఆమె అల్కీల, మేము అల్కిలామొస్, మీరంతా అల్కిలాయిస్, వాళ్లు అల్కీలన్. మన 'తీసుకుంటాను, తీసుకుంటావు' లాగే ఎవరన్నది చివర్లోనే తెలిసిపోతుంది, ప్రతిసారీ 'యో' (నేను) అననక్కర్లేదు. ఇంగ్లిష్ అలవాటు కొద్దీ మనవాళ్లు అంటూనే ఉంటారు. ఇంటి ఓనరు పెద్దవారైతే 'ఉస్తెద్' (మీరు) అని మర్యాదగా పిలవండి. కానీ మన 'మీరు'లా దానికి క్రియ బహువచనంలో రాదు, 'ఆమె' రూపం అల్కీల సరిపోతుంది.

అసలు జాగ్రత్త దీర్ఘం దగ్గర. అల్కీలొ అంటే నేను తీసుకుంటాను. చివర ఒత్తి అల్కిలో అంటే అతను తీసుకున్నాడు. రాతలో తేడా అక్షరం మీద చిన్న గీత, అంతే. నేను తీసుకున్నాను అనాలంటే అల్కిలే. అల్కిలామొస్ మాత్రం నిన్నటికీ ఇవాళ్టికీ ఒకటే, సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి.

పని చేయడం త్రబహార్, సంతకం పెట్టడం ఫిర్మార్, ఇవీ ఇదే వరస. సంతకం అంటే గుర్తొచ్చింది: ఇళ్లకి చట్టప్రకారం 'ఫియాన్థ', అంటే డిపాజిట్, ఒక నెల అద్దె. దానిపైన అదనపు గ్యారంటీ అడగొచ్చు, అది కాగితం మీద విడిగా రాయించుకోండి.

మెక్సికో వెళ్లేవాళ్లకి 'సె రెంత' అన్న బోర్డులు కనిపిస్తాయి. రెంతార్ కూడా ఇలాగే నడుస్తుంది. అక్కడ అల్కిలాయిస్ లాంటి రూపాలు వాడరు, 'మీరంతా' అనడానికీ 'వాళ్లు' రూపమే.