హైబ్రిడ్ కారు చెప్పిన మైలేజీ ఇవ్వకపోతే కేసు నిలుస్తుందా?

సందేహం: లాయరు గారికి నమస్కారం. మాది గుంటూరు. 14 నెలల క్రితం 18 లక్షల 60 వేల రూపాయలు పెట్టి, సొంత వాడకానికి విజయవాడలో ఒక పెట్రోలు హైబ్రిడ్ కారు కొన్నాను. షోరూంలో ఇచ్చిన కరపత్రం మీద లీటరుకు 27 కిలోమీటర్ల పైన వస్తుందని పెద్ద అక్షరాల్లో ఉంది. అమ్మిన అబ్బాయి వాట్సాప్‌లో "ఊళ్లో తిప్పినా 25కి తగ్గదు సార్" అని రాశాడు. నాకు 18 దాటడం లేదు. తెర మీద బ్యాటరీ గుర్తు ఒక్కరోజు కూడా నిండుగా కనిపించలేదు. వేసవిలో మూడు వారాలు మా అమ్మాయి దగ్గర ఉండి వచ్చేసరికి కారు స్టార్ట్ కాలేదు. చిన్న బ్యాటరీ పోయిందని సర్వీసు సెంటరు వాళ్లు ఏడు వేలు తీసుకుని మార్చారు. ఈ మధ్య హైబ్రిడ్ సిస్టమ్ హెచ్చరిక దీపం రెండుసార్లు వెలిగింది. అడిగితే, బయట సీటు కవర్లు వేయించారు కాబట్టి పెద్ద బ్యాటరీకి వారంటీ రాకపోవచ్చని నోటిమాటగా అంటున్నారు. కారు వెనక్కిచ్చి డబ్బు తీసుకునే హక్కు నాకు ఉందా?

సమాధానం: మీ ఉత్తరంలో మూడు వేర్వేరు ఫిర్యాదులు కలిసిపోయి ఉన్నాయి. మైలేజీ ఒకటి, ఆగిపోయిన చిన్న బ్యాటరీ ఒకటి, పెట్రోలు ఇంజనుకు తోడుగా ఉండే విద్యుత్ మోటారును నడిపే పెద్ద బ్యాటరీ వారంటీ ఒకటి. మూడింటినీ ఒకే కోపంతో ఒకే కాగితం మీద రాస్తే బలహీనమైన అంశం బలమైన అంశాన్ని కూడా కిందికి లాగుతుంది. ప్రస్తుతం మీ చేతిలో ఉన్న ఆధారాలను బట్టి చూస్తే వారంటీ విషయంలో మీ పక్షం గట్టిగా ఉంది, మైలేజీ విషయంలో కొంత పని చేస్తేనే నిలబడుతుంది, చిన్న బ్యాటరీ విషయం దాదాపుగా వదులుకోవలసిందే.

ముందు మైలేజీ సంగతి చూద్దాం. కరపత్రంలోని 27 అన్న అంకె పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి గుర్తింపు పొందిన పరీక్షా సంస్థలు ధ్రువీకరించేది. కారును ప్రయోగశాలలో రోలర్ల మీద నిలబెట్టి, సుమారు 20 నిమిషాల పాటు, ఎప్పుడు ఎంత వేగంతో నడపాలో ముందే నిర్ణయించిన క్రమంలో, గంటకు 90 కిలోమీటర్లు మించకుండా, ఏసీ ఆపి నడిపించినప్పుడు వచ్చిన ఫలితం అది. ఒక కారును మరో కారుతో పోల్చుకోవడానికి అది పనికొస్తుంది గానీ, మే నెలలో లాడ్జి సెంటర్ సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడిన మీ కారుకు అంతే వస్తుందన్న హామీ కాదు. కాబట్టి "ధ్రువపత్రంలో 27 అని ఉంది, నాకు 18 వస్తోంది" అని మాత్రమే రాసి ఫిర్యాదు వేస్తే, కంపెనీ ఆ ధ్రువపత్రాన్నే వినియోగదారుల ఫిర్యాదులు విచారించే కమిషన్ ముందు పెట్టి, మేము ఉన్నదే చెప్పామని వాదిస్తుంది. ఆ వాదనకు విలువ ఉంటుంది.

అయితే చట్టం అక్కడితో ఆగదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) లోపం అన్న మాటను నిర్వచిస్తూ, చట్టం ప్రకారమో ఒప్పందం ప్రకారమో ఉండవలసిన ప్రమాణం లేకపోవడంతో పాటు, వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణం లేకపోవడాన్ని కూడా లోపంగానే లెక్కించింది. మీ వాట్సాప్ సందేశం విలువ ఇక్కడ తెలుస్తుంది. "ఊళ్లో తిప్పినా 25కి తగ్గదు" అన్నది ప్రయోగశాల అంకె కాదు. అది మీ ఊరి రోడ్ల గురించి, మీ వాడకం గురించి అమ్మకందారు తన మాటగా మీకు చెప్పినది. నా దృష్టిలో మీ మైలేజీ కేసుకు ఆ ఒక్క వాక్యమే ప్రాణం.

కరపత్రాన్ని కూడా మరోసారి తీసి చూడండి. 27 అన్న అంకె పక్కన చుక్క (*) గుర్తు పెట్టి, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "పరీక్షా పరిస్థితుల్లో" అనే అర్థం వచ్చే వాక్యాన్ని ఇంగ్లీషులో వేశారేమో గమనించండి. తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలోని ప్రధానమైన మాట ఏ భాషలో ఉందో షరతు కూడా అదే భాషలో, అదే రకం అక్షరాల్లో, స్పష్టంగా కనిపించే చోట ఉండాలి. ఆ షరతు ప్రధానమైన మాటకు విరుద్ధంగా ఉండకూడదు. తెలుగులో ఆశ చూపించి ఇంగ్లీషులో తప్పించుకునే పద్ధతి మన దగ్గర ఎంత మామూలైపోయిందో రోజూ చూస్తున్నాను కాబట్టి ఈ విషయం నొక్కి చెబుతున్నాను. కరపత్రం అసలు ప్రతిని భద్రపరచండి, జిరాక్సు సరిపోదు.

మైలేజీ వివాదంలో వినియోగదారు గెలిచిన సందర్భం లేకపోలేదు. కేరళలోని త్రిస్సూర్ జిల్లా కమిషన్ 2022లో ఒక డీజిల్ కారు విషయంలో, ప్రకటనలో లీటరుకు 32 కిలోమీటర్లు అని చెప్పి 19.6 మాత్రమే వచ్చినందుకు, ఖర్చులతో కలిపి 3 లక్షల 10 వేల రూపాయలు చెల్లించమని ఆదేశించింది. ఆ తీర్పు గుంటూరు కమిషన్ తప్పనిసరిగా పాటించవలసినది కాదు, దారి చూపడానికి మాత్రం ఉపయోగపడుతుంది. అందులో గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఆ 19.6 అన్న లెక్క యజమాని సొంతంగా వేసుకున్నది కాదు. నియమితుడైన నిపుణుడు కారును పరీక్షించి ఇచ్చిన నివేదికలోనిది. మీరు కూడా చట్టంలోని సెక్షన్ 38(2)(సి) కింద, తగిన సంస్థ చేత పరీక్ష చేయించమని కమిషన్‌ను కోరాలి. ఆ పరీక్ష రుసుమును ముందుగా మిమ్మల్నే జమ చేయమనే అవకాశం ఉందని తెలుసుకుని సిద్ధపడండి.

అంతకు ముందు, ఎదుటి పక్షం వకీలు మిమ్మల్ని ఏమేమి అడుగుతారో ఆ ప్రశ్నలు మీరే వేసుకోవాలి. హైబ్రిడ్ కారు పొదుపు చేసేది ముఖ్యంగా ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో, ఎందుకంటే బ్రేకు వేసిన ప్రతిసారీ వృథాగా పోయే శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగి చేరుతుంది. జాతీయ రహదారి మీద వంద వేగంతో ఏకధాటిగా వెళ్తే ఆ లాభం బాగా తగ్గుతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిప్పేవారికి ఇంజను వేడెక్కడానికే కొంత పెట్రోలు ఖర్చవుతుంది. ఏసీ గట్టిగా వేస్తే బ్యాటరీ త్వరగా తగ్గి, నిలబడి ఉన్నా ఇంజను మళ్లీ మళ్లీ మొదలవుతుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు సంగతి కూడా ఉంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజం. బంకు కొలత మీద అనుమానం ఉంటే అక్కడే ఉంచవలసిన ఐదు లీటర్ల ముద్ర వేసిన కొలపాత్రలో పోసి చూపించమని అడిగే హక్కు మీకు ఉంది. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకే అనుమతి. ఇవన్నీ కలిపినా 25 ఎందుకు 18కి పడిపోయిందో వివరణ రాకపోతే అప్పుడు మీ మాటకు బరువు వస్తుంది.

అందుకు ఒక నోటుపుస్తకం పెట్టండి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, పైపు తనంతట తాను ఆగేదాకా పోయించి ఓడోమీటరు అంకె రాసుకోండి. మళ్లీ నింపేటప్పుడు అదే విధంగా చేయండి. "612 కిలోమీటర్లు, 34 లీటర్లు, అంటే 18. ఊళ్లో ఎక్కువ, ఏసీతో, ముగ్గురం" అని ఒక వరుస, దాని పక్కన బంకు రసీదు అంటించి ఉండాలి. ఆ రసీదుల అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి కనుక వెంటనే ఫోటో తీసి పెట్టుకోండి. ఇలాంటివి ఎనిమిది పది వరుసలుంటే డ్యాష్‌బోర్డు చూపించే సగటు కంటే అవే ఎక్కువ నమ్మకం కలిగిస్తాయి.

ఇక బ్యాటరీ గుర్తు నిండుగా కనిపించకపోవడం లోపం కాదు. హైబ్రిడ్ కారులోని కంప్యూటరు ఆ బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలనే ఉద్దేశంతో దాన్ని పూర్తిగా నిండనివ్వదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు. దీన్ని ఫిర్యాదులో రాయకండి, రాస్తే మిగిలిన ఆరోపణలను కూడా అవగాహన లేక చేసినవేనని కొట్టిపారేస్తారు. స్టార్ట్ కాకపోవడానికి కారణమైన 12 వోల్టుల చిన్న బ్యాటరీ వేరు. పెద్ద బ్యాటరీలో ఎంత చార్జి ఉన్నా, కంప్యూటర్లను మేల్కొలిపే ఈ చిన్న బ్యాటరీ పడిపోతే కారు కదలదు, వారాల తరబడి నిలబెట్టి ఉంచితే అది పడిపోవడం సాధారణం. దీనికి వారంటీ సాధారణంగా విడిగా, తక్కువ కాలానికి ఉంటుంది. మీ వారంటీ పుస్తకంలో ఆ గడువు 14 నెలల కంటే ఎక్కువ ఉంటేనే ఆ ఏడు వేలు అడగండి.

అసలు జాగ్రత్త పడవలసింది పెద్ద బ్యాటరీ దగ్గర. మన దేశంలో పలు హైబ్రిడ్ కార్లకు దీని మీద 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది అనే వారంటీ ఇస్తున్నారు. మీ పుస్తకంలో ఏముందో అక్షరం అక్షరం చదవండి. సీటు కవర్లు వేయించారన్న కారణంతో, అదీ నోటిమాటతో, ఆ వారంటీని రద్దు చేసే అధికారం సర్వీసు సెంటరుకు లేదు. వారంటీలో మినహాయింపు ఉందని చెప్పేవారే ఆ మినహాయింపు ఎక్కడ ఉందో, మీరు వేయించిన కవరు వల్లనే ఆ లోపం ఎలా వచ్చిందో చూపించాలి. అయితే మీరూ ఒక పని చేయాలి. చాలా హైబ్రిడ్ కార్లలో బ్యాటరీకి చల్లగాలి వెళ్లే జాలీ సీటు పక్కనో కిందో ఉంటుంది. కవరు దాన్ని కప్పేసిందేమో టార్చి వేసి చూసి, ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి, కప్పి ఉంటే వెంటనే తొలగించండి. బయట మెకానిక్ ఎవరైనా నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లి ఉంటే మాత్రం ఆ సంగతి మీ వకీలు దగ్గర దాచవద్దు. అవి ప్రాణాపాయం కలిగించేంత వోల్టేజీ ఉన్నవి.

హెచ్చరిక దీపం వెలిగినప్పుడు సర్వీసు సెంటరులో ఇచ్చిన రెండు జాబ్ కార్డులూ తీసి చూడండి. "హైబ్రిడ్ సిస్టమ్ హెచ్చరిక వెలిగింది" అని ఉందా, "జనరల్ చెకప్" అని ఉందా? నా దగ్గరికి వచ్చే వాహన కేసుల్లో సగం ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. లోపం చెప్పి వచ్చినవారికి ఆ లోపం చెప్పినట్టు ఒక్క కాగితమూ ఉండదు. ఈసారి దీపం వెలగగానే వీడియో తీయండి. జాబ్ కార్డులో మీ మాటల్లోనే ఫిర్యాదు రాయించి, స్కానరులో వచ్చిన లోపం కోడుల ప్రింటు అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే అడిగినట్టు అదే రోజు ఈమెయిలు పంపండి.

కారు వెనక్కిచ్చి డబ్బు తీసుకోవడం గురించి అడిగారు. ఇప్పటి పరిస్థితిలో ఆ కోరిక నెరవేరడం కష్టం. మారుతి ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ షరతు లోపమున్న భాగాన్ని బాగుచేయడానికో మార్చడానికో పరిమితమైనప్పుడు వాహనం మొత్తాన్ని మార్చమనడం సరికాదని చెప్పింది. సెక్షన్ 39 కింద ధర తిరిగి ఇప్పించే అధికారం కమిషన్‌కు ఉన్నా, పలుమార్లు ప్రయత్నించినా పోని తయారీ లోపాన్ని నిపుణుడి నివేదికతో రుజువు చేసినప్పుడే ఆ స్థాయికి వెళ్తారు. కాబట్టి బ్యాటరీ వ్యవస్థను ఉచితంగా పరీక్షించి లోపమున్న భాగాన్ని మార్చాలని మొదటి కోరికగా, మైలేజీ విషయంలో చెప్పిన అబద్ధానికి పరిహారం రెండో కోరికగా పెట్టండి. ఇదే 2019 చట్టంలోని ఉత్పత్తి బాధ్యత (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి పరిహారం) అధ్యాయాన్ని ఆధారం చేసుకోమని కొందరు సలహా ఇస్తారు. వారంటీ ఉల్లంఘన వల్ల వస్తువుకే కలిగిన నష్టం ఆ అధ్యాయం కిందికి రాదు.

డీలరుకూ తయారీ కంపెనీకీ ఇద్దరికీ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఈలోగా 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు కూడా చెప్పవచ్చు. ఫలితం లేకపోతే, కొన్నది విజయవాడలోనైనా మీరు నివసించేది గుంటూరు కాబట్టి గుంటూరు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల లోపు కనుక అధికార పరిధి జిల్లా కమిషన్‌దే, మీ ధరకు రుసుము 400 రూపాయలు. వాట్సాప్ సందేశాల ప్రింటుతో పాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన ధ్రువపత్రాన్ని భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 63 కింద జతచేయించండి.

గడువు విషయంలో ఏమరపాటు వద్దు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. వారంటీ నిరాకరణకు ఆ లెక్క నిరాకరించిన రోజు నుంచి మొదలవుతుందని వాదించవచ్చు. మైలేజీ విషయంలో మాత్రం కారు తీసుకున్న రోజు నుంచే లెక్కించుకోవడం క్షేమం, అంటే మీకు మిగిలింది పది నెలలే. ఉత్తరాలు రాస్తూ, సర్వీసు సెంటరు చుట్టూ తిరుగుతూ ఉన్నంత మాత్రాన ఆ గడువు పొడిగించబడదు. నోటుపుస్తకానికి రెండు నెలలు, నోటీసుకు ఒక నెల పెట్టుకుని నాలుగో నెలలో ఫిర్యాదు వేయండి. ఫోను మార్చే ఆలోచన ఉంటే, ఆ వాట్సాప్ సంభాషణ ఉన్న ఫోనును కేసు తేలేవరకు ఎవరికీ ఇవ్వకండి, అందులోని సందేశాలను చెరిపేయకండి.