ప్లాను చూసిన, అల్లుడా

చిరంజీవి అల్లునికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాను రెండుసార్లు చూసిన. నార్కట్‌పల్లి దగ్గర 5 ఎకరాలు, పెద్దవాళ్ల కోసం 40 ఇండ్లు, ముందర క్లబ్‌హౌసు, వెనక ఈతకొలను. బొమ్మ బాగనే ఉన్నది. గాని అందులో ఉండబోయేది నా ఈడువాళ్లు. నాకు 72. కొలను ఒడ్డున నిలబడి నీళ్లు చూసుడు తప్ప మేం చేసేదేం లేదు. అది తీసెయ్యి, ఆ పైసలు బాత్రూముల్లో పెట్టు.

ఈ సంగతి నేను పుస్తకాల్లో నేర్వలేదు. ముప్పై ఏండ్లు ఆర్‌అండ్‌బీలో, అంటే రోడ్లు భవనాల శాఖల పనిచేసిన మనిషిని, నల్లగొండలో నా ఇల్లు నేనే గీసుకొని కట్టుకున్న. నీళ్లు బయటికి రావద్దని బాత్రూం 2 అంగుళాలు దించిన, నున్నటి గ్రానైట్ వేయించిన. ఆరేండ్ల కింద ఓ రాత్రి మీ అత్త సరిగ్గ అక్కడే కాలు జారి పడ్డది. తుంటి విరిగింది. పడుడు పడుడు తలుపుకు అడ్డంగ పడ్డది, ఆ తలుపేమో లోపలికి తెరుచుకునేది. నెడితే ఆమెకే తగులుతది. పక్కింటాయన రంపం తెచ్చి కోసేదాంక అర్ధగంట పట్టింది. అంతసేపూ ఆమె లోపలి నుంచి "నాకేం కాలే, గాబరా పడకు" అంటనే ఉన్నది.

నీ ప్లానులో నలభై తలుపులూ లోపలికే తెరుచుకుంటున్నయి. బయటికి తిప్పు, లేకుంటే జారుడు తలుపు పెట్టు. గొళ్లెం బయటి నుంచి రూపాయి బిళ్లతో తిప్పితే రావాలె. చక్రాల కుర్చీ పట్టనీకి తలుపు తెరిస్తే 3 అడుగుల ఖాళీ కావాలె. గడప వద్దు, నేలనే నీళ్లు పోయే ట్రాప్ దిక్కు కొంచెం వాలు చెయ్యి, గరుకు టైల్సు వెయ్యి. పట్టుకునే కడ్డీలు తర్వాత బిగించుకోవచ్చని మీ ఆర్కిటెక్టు రాసిండు. ఆయన ఎన్నడూ కడ్డీ పట్టుకొని లేసినట్టు లేదు. ఈ తేలిక బ్లాకుల గోడకు మామూలు స్క్రూలు కొడితే, మనిషి బరువు పడంగనే పెల్లతో సహా ఊడొస్తది. కమోడు పక్క గోడ, స్నానం గోడ ఇటుకతోనే కట్టించు. టైల్సు పడకముందే కడ్డీల జాగ గుర్తుపెట్టు.

మన దిక్కు పెద్దోళ్లకు ఇంకో బాధ ఉన్నది, హైదరాబాద్‌లో గీసేటోళ్లకు తోచనిది. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి పెరిగినోళ్లలో ఎంతమందికో వెన్ను కర్రలెక్క బిగుసుకున్నది. వంగలేరు, మెడ తిప్పలేరు, కింద కూసోలేరు. వాళ్లకు సాకెట్లు నేల కాడ పెడితే ఎట్ల? నడుం ఎత్తుకు తే. అల్మారలో మోకాలికి కింద, భుజానికి పైన అరలు వద్దు. మంచం మీద నుంచే వాకిలి కనపడాలె, వచ్చిందెవరో మెడ తిప్పకుండ తెలవాలె.

నీళ్లు పరీక్ష చేయించకుండ పునాది తవ్వకు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దు, వేరే గతి లేకుంటే 1.5 దాకా. కాచితే పోతదనుకునేటోళ్లు ఇంకా ఉన్నరు. కాస్తే నీళ్లు తగ్గి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడతది. పటిక, సున్నం కలిపి దాన్ని తీసే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టిన్రు గాని, రోజూ ఆ తిప్పలు పడేటందుకు అక్కడ ఎవరుంటరు? తాగను, వండను కృష్ణ నీళ్లు తెప్పియ్యి. దానికి సంపు వేరే, పైపు వేరే.

ర్యాంపు లెక్క అడుగు ఎత్తుకు 12 అడుగులు. నువ్వు ఇంటి అరుగుమట్టం, అంటే భూమి నుంచి ఇంటి నేల ఎత్తు, 3 అడుగులు పెట్టినవ్, అంటే ర్యాంపు 36 అడుగులు రావాలె. గీసింది 14. కుర్చీ నెట్టేటోడు కూడ ముసలోడే అయితే ఇద్దరూ రోడ్డు మీద తేలుతరు. ఎట్లాగూ ఎత్తు మీది చెలక, వాన నీళ్లు నిలవయి. మట్టం అడుగున్నరకు దించు, 18 అడుగులతోని అయిపోతది.

ఇగ సోపతి. మా కాలనీ పార్కులో బెంచీలు ఖాళీగుంటయి, కిరాణ కొట్టు మెట్ల మీద మాత్రం పొద్దుమీకి అయిదుగురం కూసుంటం. అక్కడైతే వచ్చేపోయేటోళ్లు కనపడుతరు. నీ క్లబ్‌హౌసుకు ఎవరూ పోరు. గేటు కాడ, పాలబండి, కూరగాయల బండి ఆగేచోట అరుగులు కట్టు. 18 అంగుళాల ఎత్తు, వెనక ఒరగను ఆనిక, లేసేటప్పుడు పట్టుకోను కడ్డీ. పడమటి దిక్కు కానుగ మొక్కలు ఈ వానకాలమే నాటు. చెట్టు లేకుంటే మే నెలలో ఆ అరుగు పెనం లెక్క కాలుతది. నడుమ జాగ చదును చేసి వదిలెయ్యి, ఆడోళ్లు బతుకమ్మ ఆడుకుంటరు. కోతులకు జాలీలు మర్చిపోకు, లేకుంటే నీ వరండాలు వాటికే.

ఇండ్ల ప్రాజెక్టులను అజమాయిషీ చేసే రెరా కాడ రిజిస్ట్రేషన్ ఎట్లాగూ తప్పదు. ఒప్పందం కాయితంలో మూడు సంగతులు తెలుగులో, పెద్దక్షరాల్లో రాయి: జంటలో ఒకరు పోతే మిగిలినోళ్లు ఉండొచ్చా, డిపాజిట్ ఎన్ని రోజుల్లో వాపస్ ఇస్తవ్, మంచాన పడితే ఎవరు చూస్తరు. మూడోదానికి నీ దగ్గర జవాబు లేకుంటే ఇంకా అమ్మకం మొదలుపెట్టకు.

దసరాకు వచ్చేటప్పుడు టేపు తెచ్చుకో. మా బాత్రూం ఇప్పుడు సాపు చేయించిన, కొలుచుకొని పో. కడ్డీ ఏ ఎత్తున ఉండాలెనో నన్ను కాదు, మీ అత్తను అడుగు.

నీ మామ