కాలువ పారుతుండగా చూడు

అమ్మాయ్,

మెదడు కణాల సందడి మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలోనే తప్పుంది. "కబురు వచ్చేదాకా న్యూరాన్ (మెదడు కణం) నిశ్శబ్దంగా ఉంటుంది" అన్నావు. అది ల్యాబులో కోసిపెట్టిన మెదడు ముక్క సంగతి. వేసవిలో కాలువ కట్టేశాక అడుగు బురద చూసి, కాలువంటే ఇదే అని రాసినట్టుంది.

బతికున్న మెదడులో ఒక్కో కార్టెక్స్ (మెదడు పైపొర) కణం మీద వేల సినాప్సులుంటాయి, అంటే వేరే కణాల కబుర్లు అందే చోట్లు. మనం నిద్రపోయినా అవి ఊరుకోవు. శరీర బరువులో 2 శాతమే ఉన్న మెదడు 20 శాతం దాకా శక్తిని తినేది చాలావరకు ఈ సందడికే.

ముక్కలోని కణం ఇంచుమించు మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర పడి ఉంటుంది. మైనస్ 55 దరిదాపులకు ఎక్కితే స్పైక్, అంటే ఆ కణం పంపే కరెంటు అల, పుడుతుంది. సందడి దాన్ని కొంచెం పైకెత్తి, అక్కడే ఊపుతూ ఉంటుంది. ధవళేశ్వరం నుంచి నీళ్లొదిలాక మా ఇంటి ముందు కాలువ గట్టుకి జానెడు కింద పారుతుంది. అప్పుడు గేదె దిగినా చాలు, గట్టు మీద ఆరేసిన బట్టలు తడిసిపోతాయి. మే నెలలో అదే గేదె బురదలో దొర్లినా ఎవరికీ పట్టదు.

నువ్వు ఇక్కడితో ఆపేశావు. అసలు మెలిక తర్వాత ఉంది. సినాప్సులు పనిచేస్తున్నాయంటే కణం పొరలో దారులు తెరుచుకున్నట్టే. తూములన్నీ తీసిన పంటబోదెలో బిందెడు నీళ్లు పోసి చూడు, మట్టం కదలదు. అంటే సందడి గట్టుని దగ్గర చేస్తూనే, వచ్చిన కబురు బలాన్నీ తగ్గిస్తుంది. 2002లో ఛాన్స్, ఆబట్, రేయిస్ అనే శాస్త్రవేత్తలు ఎలుక మెదడు ముక్కలోని కణానికి కృత్రిమంగా ఈ సందడి ఎక్కించారు, కట్టేసిన కాలువలోకి నీళ్లు వదిలినట్టు. ఉత్తేజపరిచేదీ అణిచేదీ సమతూకంగా పెంచితే, కణంలోకి పంపే కరెంటు పెంచేకొద్దీ స్పైకులు పెరిగే జోరు తగ్గింది. రేడియో వాల్యూమ్ తిప్పినట్టన్నమాట. కాబట్టి "పనికిరాని రొద" అన్నచోట "పనికిరాని" కొట్టెయ్. "ఉత్తేజనీయత" కూడా వద్దు. "ఎంత తేలిగ్గా స్పందిస్తుంది" అను, మీ అమ్మకీ అర్థమవుతుంది.

నేనూ ఒకప్పుడు మెదడులో పది శాతమే వాడతామని ఒక పత్రికకి తప్పుగా రాశాను. ఒక్కరూ తప్పుపట్టలేదు. అదే ఇప్పటికీ బాధ.

మార్చి పంపు. కాలువ కట్టేసేలోపు ఓసారి వచ్చి వెళ్లు, లాకుల దగ్గర కూర్చుని మిగతాది చదువుకుందాం.

ఆశీస్సులతో,
మాస్టారు