ముందు ఆ అడ్జస్టర్ వదలండి

ప్రశ్న: నా మౌంటెన్ బైక్‌కి ముందు పెడల్స్ దగ్గర ఒకటే చైన్‌రింగ్ (పళ్ల చక్రం), వెనక పది గేర్లు. మూడు నెలలుగా గేర్లు సరిగ్గా పడటం లేదు. చైన్ పెద్ద స్ప్రాకెట్ (వెనక పళ్ల చక్రం) మీదికి ఎక్కేలా అడ్జస్టర్ (కేబుల్ బిగువు సర్దే మర) తిప్పితే, చిన్నదానికి దిగడానికి మొరాయిస్తుంది, రెండు మూడు చుట్లు తొక్కాక టక్కున పడుతుంది. దిగేలా సరిచేస్తే ఎక్కదు. మధ్య గేర్లలో ఎప్పుడూ గరగర. కేబుల్ కొత్తది వేశాను, లోపలి తీగ మాత్రమే. హెచ్, ఎల్ స్క్రూలు (చైన్‌ని హద్దు దాటకుండా ఆపేవి) కూడా తిప్పి చూశాను. ఒకసారి బండి ఆగి ఉన్నప్పుడు కుడివైపు పడింది, గీత కూడా పడలేదు. చైన్‌ని ఒక గేర్ నుంచి ఇంకో గేర్‌కి నెట్టే డీరైలరే మార్చేయమని ఒక మెకానిక్ అన్నాడు. మార్చేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు మాటవరసకి రాసిన రెండు ముక్కలున్నాయి చూడండి, "లోపలి తీగ మాత్రమే" అన్నది ఒకటి, "కుడివైపు పడింది" అన్నది రెండోది. నా అనుమానం ఆ రెండింటి మీదే, డీరైలర్ మీద కాదు.

మొదటిది తీసుకుందాం. పెద్ద స్ప్రాకెట్ మీదికి ఎక్కించేటప్పుడు కేబుల్‌ని లాగేది మీ బొటనవేలు. కిందికి దిగేటప్పుడు లాగేది డీరైలర్‌లో ఉన్న స్ప్రింగ్. వేలికి బలం ఎక్కువ, కేబుల్ ఎక్కడైనా పట్టేస్తున్నా లాగేస్తుంది, మీకు తెలియదు కూడా. స్ప్రింగ్‌కి అంత శక్తి లేదు, అందుకే ఎక్కడం బాగుండి దిగడం బద్ధకంగా ఉంటే ముందు చూడాల్సింది కేబుల్ రాపిడినే. టెన్షన్ మరీ ఎక్కువైనా ఇలాగే దిగనంటుంది, కాకపోతే అప్పుడు కాస్త వదులు చేస్తే రెండు వైపులా సరైపోవాలి. మీకు సరికావడం లేదు. ఒకవైపు బాగుచేస్తే ఇంకోవైపు చెడుతోంది. అడ్జస్టర్ టెన్షన్‌ని పెంచుతుంది, తగ్గిస్తుంది, అంతకు మించి దాని చేతిలో ఏమీ లేదు, రాపిడిని తీసేయలేదు. మీరు మూడు నెలలుగా దాన్ని తిప్పుతున్నది అందుకే వృథా అయింది.

తేల్చుకోవడం తేలిక. డీరైలర్ దగ్గర కేబుల్‌ని బిగించే బోల్టు వదులు చేసి తీగ బయటికి తీయండి. తీగ కొసని ఒక చేత్తో మెల్లగా లాగి పట్టుకుని, ఇంకో చేత్తో షిఫ్టర్ (హ్యాండిల్ మీది గేర్ మీట) నొక్కుతూ వదులుతూ ఉండండి. నూనెలో జారినట్టు జారాలి. గీరుకున్నట్టో, ఆగి ఆగి వస్తున్నట్టో అనిపిస్తే దోషి దొరికినట్టే. అదే సమయంలో డీరైలర్‌ని చేత్తో లోపలికి నెట్టి వదలండి, టక్కున వెనక్కి రావాలి. నిదానంగా వస్తే దాని కీళ్లలో మట్టి పేరుకుంది, శుభ్రం చేసి ఒక్కో చుక్క నూనె వేయండి. శుభ్రం చేశాక కూడా కీళ్లు లొడలొడలాడుతుంటే అప్పుడు మీ మెకానిక్ మాట గురించి ఆలోచించవచ్చు.

మీ విషయంలో పట్టేస్తున్నది ఔటరే, అంటే కేబుల్ పైతొడుగే అని నా ఊహ. కొత్త తీగని పాత ఔటర్‌లోకి తోయడమంటే ఉతికిన చొక్కాని మురికి సంచిలో పెట్టినట్టే. ముఖ్యంగా డీరైలర్ దగ్గర వంపు తిరిగే చివరి ముక్క, నీళ్లూ బురదా జారి అందులోకే చేరతాయి. మొత్తం మార్చడం ఇష్టం లేకపోతే కనీసం ఆ ముక్కైనా మార్చండి. అయితే గేర్ ఔటరే కొనండి, బ్రేక్ ఔటర్ కాదు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ బ్రేక్‌దాంట్లో లోపలి ఉక్కు తీగ స్ప్రింగ్‌లా చుట్టి ఉంటుంది, లాగినప్పుడు కొంచెం కుదించుకుపోతుంది, గేర్‌దాంట్లో సన్నటి తీగలు పొడవునా నిలువుగా ఉంటాయి. కోశాక కొస చదునుగా ఉండాలి, లోపలి ప్లాస్టిక్ గొట్టం నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి సూదితో రంధ్రం తెరవాలి, కొసకి టోపీ పెట్టాలి. ఈ మూడూ చేయని కొత్త ఔటర్ కంటే పాతదే నయం.

ఇక రెండోది, బండి పడటం. డీరైలర్ ఫ్రేమ్‌కి నేరుగా కాదు, హ్యాంగర్ అనే చిన్న ముక్కకి బిగించి ఉంటుంది. మౌంటెన్ బైకుల్లో ఎక్కువగా అది విడిగా ఊడొచ్చే అల్యూమినియం ముక్క, కావాలనే మెత్తగా చేస్తారు, దెబ్బ తగిలితే ఫ్రేమ్ బదులు అది వంగాలని. గీత పడకుండానే వంగగలదు, మీ బండి నిలబడే చోటే పడింది కదా, అది చాలు. పది గేర్ల క్యాసెట్‌లో (వెనక స్ప్రాకెట్ల గుత్తిలో) ఒక స్ప్రాకెట్ మధ్య నుంచి పక్కదాని మధ్యకి దాదాపు 4 మిల్లీమీటర్లే, హ్యాంగర్ కాస్త వంగినా డీరైలర్ చైన్‌ని ఏటవాలుగా పట్టుకుంటుంది, ఒక కొసన సరిచేస్తే ఇంకో కొసన తప్పుతుంది, మధ్యలో గరగర. మీ గరగరకి ఇదే కారణం కావచ్చు.

బండి వెనక కూర్చుని చైన్ మధ్య స్ప్రాకెట్ మీద ఉంచి చూడండి. డీరైలర్‌లోని రెండు చిన్న చక్రాలూ స్ప్రాకెట్‌తో ఒకే గీతలో ఉండాలి. కింది చిన్న చక్రం వెనక చక్రపు పుల్లల (స్పోక్స్) వైపు వాలి ఉంటే హ్యాంగర్ లోపలికి వంగినట్టు. కళ్లకి పెద్ద వంపే కనిపిస్తుంది, చిన్నది దొరకాలంటే హ్యాంగర్ గేజ్ కావాలి, రిమ్ చుట్టూ నాలుగు చోట్ల దూరం కొలిచి పోల్చే పరికరం అది. మంచి మెకానిక్ దగ్గర ఉంటుంది, అయిదు నిమిషాల పని. ఒకటి రెండు సార్లు వంచి సరిచేయవచ్చు, అల్యూమినియం కాబట్టి మాటిమాటికీ వంచితే పగులుతుంది. కొత్తది కొంటే సరిగ్గా మీ ఫ్రేమ్‌కి సరిపోయేదే కావాలి, పాతది ఊడదీసి పక్కన పెట్టి పోల్చుకుని కొనండి. కొత్తది బిగించాక కూడా గేజ్ పెట్టించండి, కొత్తదైనంత మాత్రాన తిన్నగా ఉంటుందని లేదు. అన్నట్టు ఇవన్నీ చేసే ముందు వెనక చక్రం ఫ్రేమ్‌లో పూర్తిగా కూర్చుందో లేదో చూడండి. నేను ఒక సాయంత్రమంతా గేర్లతో కుస్తీపట్టాక తెలిసింది, చక్రం ఒక పక్కకి ఒరిగి ఉందని.

హెచ్, ఎల్ స్క్రూలు తిప్పానన్నారు. అవి చైన్ రెండు కొసలు దాటి పోకుండా ఆపే గోడలు, మధ్య గేర్లతో వాటికి సంబంధం లేదు. ఇప్పుడు అవి ఎక్కడున్నాయో తెలియదు కాబట్టి ఇది మాత్రం తప్పకుండా చేయండి: బండిని స్టాండ్ మీద పెట్టి, పెడల్ మెల్లగా తిప్పుతూ డీరైలర్‌ని చేత్తో పెద్ద స్ప్రాకెట్ వైపు నెట్టండి. చైన్ దాని మీదికి ఎక్కి ఆగాలి, దాన్ని దాటి పుల్లల వైపు పోకూడదు. పోయేలా ఉంటే ఎల్ స్క్రూ బిగించండి. ఇది చూసుకోకుండా ఎత్తు ఎక్కుతూ చివరి గేర్ వేస్తే డీరైలర్ పుల్లల్లో ఇరుక్కుంటుంది, అప్పుడు మెకానిక్ చెప్పినట్టు డీరైలర్ మార్చాల్సే వస్తుంది, బహుశా చక్రం కూడా.

ఇవన్నీ సరిచేశాకే అడ్జస్టర్. చైన్ చిన్న స్ప్రాకెట్ మీద ఉంచి, అడ్జస్టర్‌ని లోపలికి పూర్తిగా తిప్పి ఒక చుట్టు బయటికి వదిలి, తీగని చేత్తో లాగి బిగించండి. షిఫ్టర్ ఒక్కసారి నొక్కండి. రెండో స్ప్రాకెట్ మీదికి ఎక్కకపోతే అడ్జస్టర్‌ని పావు చుట్టు బయటికి, ఎక్కి ఇంకా పైకి రాసుకుంటుంటే పావు చుట్టు లోపలికి. బండి మీద ఒకటి రెండు సార్లు బయటికి వెళ్లొచ్చాక మళ్లీ కాస్త సర్దాల్సి వస్తుంది. కేబుల్ సాగింది అంటుంటారు గానీ ఎక్కువగా జరిగేది ఔటర్ కొసలు టోపీల్లో సర్దుకుని కూర్చోవడం.

ప్రశ్న: కొత్త చైన్ వేశాక, ఎత్తులో గట్టిగా తొక్కితే ఒకే గేర్‌లో జారి టక్ టక్ అంటోంది. మిగతా గేర్లు బాగానే ఉన్నాయి. అడ్జస్టర్ తిప్పాలా?

జవాబు: తిప్పినా లాభం లేదు. మీరు ఎక్కువగా వాడే స్ప్రాకెట్ పళ్లు పాత చైన్‌తో కలిసి అరిగిపోయాయి, కొత్త చైన్ వాటి మీద కూర్చోవడం లేదు. క్యాసెట్ మార్చాలి. ఇకమీదట చైన్ ముందే కొలుస్తూ ఉండండి. పూర్తి లింకులు (లోపలిదీ బయటిదీ కలిపి ఒకటి) 12 లెక్కపెడితే కొత్త చైన్‌లో సరిగ్గా 12 అంగుళాలు రావాలి, అంటే 304.8 మిల్లీమీటర్లు. పది గేర్ల చైన్ అయితే 0.75 శాతం, అంటే రెండు మిల్లీమీటర్ల పైచిలుకు పెరగ్గానే మార్చేస్తే క్యాసెట్ చాలాకాలం బతుకుతుంది. పదకొండు, పన్నెండు గేర్లకి ఇంకా ముందే, 0.5 శాతానికే. ఒకవేళ జారడం గేర్‌తో సంబంధం లేకుండా లెక్కగా కొన్ని చుట్లకొకసారి వస్తుంటే మాత్రం ఒక లింకు బిగుసుకుంది, పెడల్ వెనక్కి తిప్పుతూ కింది చిన్న చక్రం దగ్గర చూస్తే అది ఎగిరిపడుతూ కనిపిస్తుంది.

ప్రశ్న: గతుకుల మీద గేర్ తనంతట తానే మారుతోంది. వెనక సస్పెన్షన్ ఉన్న బండి.

జవాబు: సస్పెన్షన్ కుంగినప్పుడు ఔటర్ లాగబడుతోందేమో చూడండి. షాక్‌లో గాలి తీసి వెనక భాగాన్ని పూర్తిగా కిందికి నొక్కి, ఏ చోట ఔటర్ బిగుసుకుంటోందో వెతకండి, అక్కడ కొంచెం పొడవు వదలండి. తర్వాత గాలి ముందున్నంత కొట్టడం మరిచిపోకండి.