ఇంజన్ లైట్ వెలిగింది, ఏ స్కానర్ కొనాలి?

ప్రశ్న: మాది 2016 పెట్రోలు కారు. ఎత్తు ఎక్కేటప్పుడు వణుకుతోంది, ఇంజన్ లైట్ వెలిగింది. గ్యారేజీలో పీ0302 కోడ్ వచ్చిందని, నాలుగు కాయిళ్లూ (స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు ఇచ్చేవి) మార్చాలని అంటున్నారు. ఇంట్లోనే చూసుకుందామంటే ఈ కోడ్‌లు చదివే స్కానర్లు ఐదొందల నుంచి వేలల్లో ఉన్నాయి. ఏది తీసుకోవాలి? కారుకే తగిలించి ఉంచొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నాలుగు కాయిళ్లకు ఇప్పుడే డబ్బు పెట్టకండి. పీ0302 అంటే రెండో సిలిండర్ మిస్ కొడుతోందని (అందులో పెట్రోలు సరిగా మండడం లేదని) మాత్రమే. కాయిల్ వల్లా, ప్లగ్ వల్లా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ వల్లా అన్నది అందులో ఉండదు. ఆ సంగతి తేల్చడానికి కారు ఓబీడీ పోర్టుకు (కోడ్‌లు చదివే సాకెట్‌కు) తగిలించి ఫోనుతో వాడే చిన్న బ్లూటూత్ అడాప్టర్ చాలు.

కొనేటప్పుడు లైవ్ డేటా (నడుస్తున్న ఇంజన్ వివరాలు అప్పటికప్పుడు), ఫ్రీజ్ ఫ్రేమ్ రెండూ చూపిస్తుందో లేదో అడగండి. లోపం వచ్చిన క్షణాన ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎంలో, ఎంత వేడిలో ఉందో ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉంటుంది. కోడ్ చెరిపితే అదీ పోతుంది కాబట్టి ముందే ఫోటో తీసుకోండి. ఈఎల్‌ఎం327 అనే చిప్పు పేరుతో వచ్చే చవక అడాప్టర్లలో నకిలీ చిప్పులే ఎక్కువ. ‘2.1’ అని రాసి ఉన్నవాటిలో చాలా వరకు కారుతో సరిగా మాట్లాడవు, వాపసు తీసుకునే చోటే కొనండి. ఐఫోన్ ఉంటే వైఫై రకమో, ‘బ్లూటూత్ లో-ఎనర్జీ’ (బీఎల్‌ఈ) రకమో కావాలి, మామూలు బ్లూటూత్ పనికిరాదు. ఏబీఎస్ (బ్రేకు), ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు కూడా చదవాలంటేనే ఖరీదైన స్కానర్ అవసరం. అప్పుడు కూడా మీ కారు మోడల్ దాని జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

ఇక పరీక్ష. ప్రతి సిలిండర్‌కూ విడి కాయిల్ ఉన్న ఇంజన్ అయితే, చల్లారాక, తాళంచెవి తీసేసి 1, 2 కాయిళ్లను ఒకదాని చోట ఒకటి పెట్టండి. సాధారణంగా గేర్‌బాక్సుకు దూరంగా ఉన్న కొసది ఒకటోది. కనెక్టర్ లాకు పాతబడి పెళుసుగా ఉంటుంది, దాన్ని నొక్కి పట్టుకుని తీయండి, వైరు పట్టి లాగితే తెగుతుంది. కోడ్ చెరిపి అదే ఎత్తు మీద నడపండి. ఈసారి పీ0301 వస్తే తప్పు కాయిల్‌దే, ఆ ఒక్కటి మారిస్తే సరి. మళ్లీ పీ0302 వస్తే ప్లగ్‌లను అలాగే మార్చి చూడండి. అప్పటికీ రెండో సిలిండర్‌లోనే ఉంటే ఇంజెక్టర్, కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) చూడాలి, అది గ్యారేజీ పని.

లైట్ మిణుకు మిణుకుమంటుంటే మాత్రం బండి నడపకండి. కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (పొగను శుభ్రం చేసే భాగం) పోయి అక్కడ మండుతుంది. అది పాడైతే కాయిల్‌కయ్యే ఖర్చుకు ఎన్నో రెట్లు అవుతుంది.

అడాప్టర్‌ను పోర్టులో వదిలేయకండి. తాళంచెవి తీసినా ఆ పోర్టులోని 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది, కారు రోజుల తరబడి కదలకపోతే బ్యాటరీ దిగిపోతుంది.